పంటి వేరులో చేరిన చీము: గృహవైద్యము ఎంతవరకు?

పంటిపోటుకు లవంగనూనె, చిగురువాపుకు ఉప్పునీరు, నోటి దుర్వాసనకు త్రిఫలా కషాయము. ఈ మూడు యోగములు తెలియని తెలుగు గృహిణి అరుదు. మూడును మంచివే. నలుబది సంవత్సరములుగా నేనును చెప్పుచున్నవే. అయినను వీటి మీది అతి నమ్మకము వలన కొందరు తమ పన్నును, దానితోపాటు దవడ యెముకను, ఒక్కొక్కప్పుడు ప్రాణమును కూడ ప్రమాదములో పెట్టుకొనుచున్నారు. ఈ మాటను ఒక ఆయుర్వేద వైద్యుడు, అందునను గురుకులములో చదివినవాడు, గృహవైద్య పత్రికలో వ్రాయుట కొందరికి రుచింపకపోవచ్చును. కాని ఈ మాట చెప్పవలసిన బాధ్యత ఇతరులకంటె మాకే ఎక్కువగా నున్నదని నా అభిప్రాయము.

సింగరాయకొండలో మా వైద్యశాలకు టంగుటూరు, కొండపి, కందుకూరు ప్రాంతముల నుండి రోగులు వచ్చుచుందురు. వారిలో పంటి బాధ గలవారి కథ తరచుగా ఒకే విధముగా నుండును. రెండేండ్ల క్రితము ఒక దంతము పుచ్చినది. కొన్నాళ్లు రాత్రిపూట నిద్ర పట్టని పోటు. లవంగము నొక్కిపెట్టినారు, మందుల అంగడిలో మాత్రలు తెచ్చి మ్రింగినారు. ఒకనాడు పోటు దానంతటదే పోయినది. ఆ తరువాత ఆరు నెలలకో, సంవత్సరమునకో చిగురు మీద చిన్న పొక్కు లేచి, చీము కారి, అణగిపోయినది. మరల లేచినది, మరల అణగినది. మిరప కోతలు అయిన తరువాత చూపించుకొందమని ఒకరు, పొగాకు వేలము ముగియనిమ్మని మరియొకరు వాయిదా వేసినారు. “వాపు తగ్గింది గదయ్యా, ఇంక పన్ను జోలికి పోవడమెందుకు?” అని పెద్దవయసు ఆడవారు నన్ను అడుగుదురు. ఈ ప్రశ్నకు సరియైన సమాధానము తెలిసికొన్నచో పంటి వేరు జబ్బు సంగతి చాలవరకు తెలిసినట్లే.

పంటి లోపల జరుగుచున్నదేమి?

పన్ను పైకి రాయివలె కనిపించినను లోపల బోలుగా నుండును. పై పొర అయిన పింగాణీ క్రింద కొంత మెత్తని దంతధాతువు, దాని నడుమ మజ్జ ఉండును. ఈ మజ్జలో సన్నని రక్తనాళములు, నరములు ఉన్నవి. ఇవి వేరు చివరనున్న సూదిమొనంత రంధ్రము గుండా దవడ యెముకలోనికి పోవును. పుచ్చు ఈ మజ్జను చేరినప్పుడు మజ్జ వాచును. చుట్టును గట్టి గోడ ఉండుటచే వాచుటకు చోటు దొరకదు. అందువలననే పంటిపోటు అంత దుర్భరముగా నుండును. కొన్నాళ్లకు రక్తప్రసారము ఆగి మజ్జ చచ్చిపోవును. నరము చచ్చిన వెంటనే పోటు ఆగును. రోగి దీనినే నయమైనదని భావించును.

నిజమునకు అసలు వ్యాధి మొదలగునది అప్పుడే. రక్తము ప్రవహించని ఆ చీకటి గొట్టములో సూక్ష్మజీవులు కాపురము పెట్టును. శరీరమునకు సహజముగా గల రక్షణ శక్తి రక్తము ద్వారానే రావలెను గనుక ఆ గొట్టములోనికి అది చేరలేదు. సూక్ష్మజీవుల విషము వేరు చివరనుండి బయటికి ఊరుచు, అచ్చటి యెముకను కొంచెము కొంచెముగా కరగించును. అక్కడ చీము చేరును. ఆ చీము యెముకను తొలుచుకొని చిగురు మీదకు దారి చేసికొనినచో, అదియే మనము చూచు పొక్కు. దారి ఏర్పడినది గనుక ఒత్తిడి తగ్గి నొప్పి తెలియదు. ఆ దారి పూడుకొనినప్పుడు మరల వాపు వచ్చును. కాబట్టి పొక్కు అణగినంత మాత్రమున లోపలి వ్యాధి తగ్గినట్లు కాదు.

మన రైతు సోదరులకు ఒక మాట చాలును. పత్తి చేలో వేరుకుళ్ళు సోకిన మొక్కకు ఆకు మీద ఎన్నిసార్లు మందు చల్లినను ఏమి ప్రయోజనము? మందు వేరును చేరవలెను, లేదా ఆ మొక్కను పీకివేయవలెను. చిగురు మీద పూసిన లేపనము, నోటిలో పట్టిన కషాయము, పంటి మీద వేసిన నూనె – ఇవన్నియు ఆకు మీద చల్లిన మందు వంటివే.

సుశ్రుతుడు చెప్పినదేమి?

ఇది పాశ్చాత్య వైద్యుల మాట యని కొట్టివేయుటకు వీలులేదు. సుశ్రుత సంహిత నిదాన స్థానము పదునారవ అధ్యాయములో ముఖరోగములు 65 అని లెక్కించినారు. వాటిలో దంతములకు కలుగునవి 8, దంతమూలమునకు కలుగునవి 15. ఆ పదునైదింటిలో ఐదు దంతనాడులు. నాడి యనగా లోపలనుండి చీము కారు సన్నని దారి. నేటివారు వేరు చివరి చీముగడ్డ నుండి చిగురు మీదకు వచ్చు రంధ్రమని చెప్పునది ఈ లక్షణములకు చాల దగ్గరగా నున్నది. వాత, పిత్త, కఫ, సన్నిపాతములచే నాలుగు, శల్యముచే ఒకటి యని విభాగము.

ఇక చికిత్సా స్థానము ఇరువదిరెండవ అధ్యాయములో చికిత్స ఎట్లున్నది? ఏ దంతమును ఆశ్రయించి నాడి ఏర్పడినదో ఆ దంతమును తీసివేయవలెను. చెడిన మాంసమును శస్త్రముతో ఛేదించి, శుద్ధి చేసి, క్షారముతో గాని అగ్నితో గాని దహింపవలెను. ఉపేక్షించినచో ఆ నాడి దవడ యెముకను భేదించును గనుక, విరిగిన ముక్కతో సహా సమూలముగా తీయవలెనని హెచ్చరిక కూడ ఉన్నది. శోధనానంతరము జాజి, చండ్ర మొదలగు వాటితో చేసిన కషాయములతో కడుగుట చెప్పబడినది. క్రమము గమనింపుడు. మొదట శస్త్రము, తరువాత కషాయము. మనము మొదటిదానిని వదలి, రెండవదానిని మాత్రము పట్టుకొని, దానికి ఆయుర్వేదమని పేరు పెట్టుచున్నాము.

అదే అధ్యాయములో మరియొక విశేషము కలదు. పై దవడలో గట్టిగా నాటుకొని యున్న దంతమును పెకలించినచో రక్తము అతిగా స్రవించి, దృష్టి లోపము, అర్దితవాతము వంటి ఘోర వికారములు కలుగవచ్చునని, అట్టి దంతమును తీయరాదని చెప్పినారు. అనగా తీయవలసినది ఏదో, తీయరానిది ఏదో, ఎంత వరకు తమ చేతిలో ఉన్నదో వారికి స్పష్టముగా తెలియును. రక్తము నాపు సాధనములు, మత్తు సూది లేని కాలములో ఆ జాగ్రత్త ఎంతయు ఉచితము.

వాగ్భటుడు అష్టాంగహృదయము ఉత్తర స్థానములో క్రిమిదంతమునకు ఇంకొక ఉపాయము చెప్పెను. పంటి తొఱ్ఱను బెల్లముతో గాని మైనముతో గాని నింపి, కాల్చవలెనని. తొఱ్ఱలోని దోషమును వేడితో చంపి, ఖాళీ మిగులకుండ మూయవలెనన్న ఆలోచన అందులో స్పష్టముగా నున్నది. నేటి దంతవైద్యులు చేయు వేరు శుద్ధికి, పూరణకు మూలసూత్రము కూడ ఇదియే. సాధనములు మారినవి గాని ఉద్దేశము మారలేదు.

మరి ఈ విద్య మన చేతినుండి ఎట్లు జారిపోయినది? ఆయుర్వేదపు ఎనిమిది అంగములలో కాయచికిత్స నిలిచినది. శల్య, శాలాక్య తంత్రములు గ్రంథములకే పరిమితమైనవి. గురుకులములలో శ్లోకము కంఠస్థము చేయించిరి, అర్థము చెప్పిరి, వనమూలికలను చూపిరి, శస్త్రమును మాత్రము చేతికి ఇచ్చినవారు అరుదు. అందుచేత మా తరము వైద్యులకు లేపము, కషాయము, చూర్ణము సులభముగా నోటికి వచ్చును. తెలిసిన దానినే అన్నిటికిని వాడుట మానవ స్వభావము. రోగికి కావలసినది మాత్రము మనకు తెలిసినది కాదు, వ్యాధికి తగినది.

పోయినదనుకొన్న చీము మరల ఎందుకు వచ్చును?

పంటి వ్యాధికి సూక్ష్మజీవులు కారణమని నిరూపించుటకు కృషి చేసినవారిలో మిల్లర్ అను అమెరికా దేశపు దంతవైద్యుడు ముఖ్యుడు. జర్మనీలో పనిచేసి ఆయన వ్రాసిన గ్రంథము 1890లో వెలువడినది. తరువాత 1965లో అమెరికాలో ఒక ప్రసిద్ధ పరీక్ష జరిగినది. సూక్ష్మజీవులు బొత్తిగా లేని వాతావరణములో పెంచిన ఎలుకల పండ్లను తొలిచి మజ్జను బయలు పరచినను అది చావలేదు. గాయము మాని కప్పుకొనినది. సామాన్యమైన ఎలుకలలో మాత్రము మజ్జ చచ్చి చీము పట్టినది. అనగా చీమునకు మూలకారణము గాయము కాదు, సూక్ష్మజీవి.

వేరు శుద్ధి చేయు విధానము కూడ పాఠకులు తెలిసికొనవలెను. ఎక్స్‌రే తీసి వేరు పొడవు, వంపు, యెముక కరిగిన మేర చూతురు. పంటికి రంధ్రము చేసి, సన్నని ఆకురాళ్ళ వంటి తీగెలతో చచ్చిన మజ్జను గీకి తీసి, సోడియం హైపోక్లోరైట్ ద్రావణముతో పలుమారులు కడుగుదురు. అవసరమైనచో కొన్నాళ్లు లోపల కాల్షియం హైడ్రాక్సైడ్ ఉంచుదురు. తరువాత గొట్టమును బిగువుగా పూరించి, పైన తొడుగు వేయుదురు. ఈ కాల్షియం హైడ్రాక్సైడ్ మరేమియు కాదు, మన తాంబూలపు సున్నమే. 1920 ప్రాంతమున జర్మనీ దేశపు హెర్మన్ దీనిని పంటి వైద్యములో ప్రవేశపెట్టెను. సుశ్రుతుని క్షారకర్మ తెలిసినవారికి ఇది వింతగా తోచదు. కాని తాంబూలపు సున్నమును ఇంటిలో పంటి తొఱ్ఱలో నింపరాదు. అది చిగురును కాల్చును. వేరు చివరకు మాత్రము చేరదు.

ఇంత చేసినను కొన్ని పండ్లలో చీము మరల వచ్చును. పంటి వేరులో ఒక ప్రధాన కాలువతో పాటు వెంట్రుకంత సన్నని పిల్లకాలువలు ఉండును. తీగె చేరని మూలలలో సూక్ష్మజీవులు జిగురువంటి పొర కట్టుకొని దాగును. శుద్ధి చేసిన తరువాత కూడ చెడిన పండ్లలో తరచుగా కనిపించునది ఎంటెరోకాకస్ ఫీకాలిస్ అను జీవి. ఇది ఆహారము లేకున్నను చాలకాలము బ్రతుకగలదు. సున్నపు క్షారగుణమును తట్టుకొనుటకు తన శరీరములోనికి ఆమ్లత్వమును తెచ్చుకొను ఏర్పాటు కూడ దానికి కలదు. పై తొడుగు సరిగా కూర్చొననప్పుడు ఉమ్మి ద్వారా క్రొత్త జీవులు లోనికి దిగుట మరియొక కారణము. అట్టి పన్నును మరల తెరచి శుద్ధి చేయుట, లేదా చిగురును కోసి వేరు చివరి భాగమును తీసివేయుట, లేదా పన్నునే తీసివేయుట – ఈ మూడే మార్గములు. “ఒకసారి చేయించినాము గదా, ఇక కషాయముతో సరిపెట్టుకొందము” అనుట నాలుగవ మార్గము కాదు.

మాత్రలతో తీరునా?

వాపు రాగానే మందుల అంగడికి పోయి మూడు రోజుల మాత్రలు తెచ్చుకొనుట పల్లెలలోను పట్టణములలోను అలవాటైపోయినది. సూక్ష్మజీవి నాశకములగు ఈ మాత్రలు రక్తము ద్వారా పనిచేయును. చచ్చిన మజ్జలో రక్తమే లేదు. చుట్టుప్రక్కల వ్యాపించిన దోషమును అవి అణచును, మూలస్థానమును ముట్టవు. అమెరికా దంతవైద్య సంఘము 2019లో ప్రకటించిన మార్గదర్శకములలో, ఆరోగ్యవంతులైన పెద్దవారికి పంటిపోటు, చీముగడ్డలలో దంత చికిత్స అందుబాటులో ఉన్నప్పుడు చాలవరకు ఈ మాత్రలు అవసరము లేదని, జ్వరము వంటి వ్యాప్తి లక్షణములున్నప్పుడు మాత్రము అవసరమని సలహా ఇచ్చినారు. అనవసరముగా మ్రింగిన ప్రతి మాత్రయు సూక్ష్మజీవులను మొండికెత్తించును.

ఇట్లనుట ఆ మందులను నిందించుట కాదు. వాటి చరిత్రలో మన తెలుగువాని పేరే ఉన్నది. భీమవరములో 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు గారు అమెరికాకు పోవుటకు పూర్వము మద్రాసులో ఆచంట లక్ష్మీపతి గారి ఆయుర్వేద కళాశాలలో శరీరశాస్త్రము బోధించినారు. తరువాత లెడర్లీ సంస్థలో ఆయన పరిశోధనలకు నాయకత్వము వహించుచుండగా డగ్గర్ కనిపెట్టిన ఆరియోమైసిన్ 1948లో లోకమునకు తెలిసినది. టెట్రాసైక్లిన్ జాతి మందులలో అదియే మొదటిది. ఆ జాతికే చెందిన మందును కలిపిన ముద్దను 1960వ దశకము నుండి దంతవైద్యులు వేరు కాలువ లోపలనే ఉంచుచున్నారు. రక్తము చేరని చోటికి మందును చేతితో చేర్చవలెనన్న సంగతి ఇక్కడను కనిపించుచున్నది. ఆయుర్వేద కళాశాలలో పాఠము చెప్పినవాడు ఆధునికౌషధములకు మార్గదర్శకుడైనప్పుడు, మనకు మాత్రము రెండు వైద్యముల నడుమ గోడ ఎందుకు?

మన ఓషధుల స్థానము

లవంగములోని యూజినాల్ అను తైలసారము నరమును మొద్దుబారజేయును. దంతవైద్యులు జింక్ ఆక్సైడుతో కలిపి తాత్కాలిక పూరణకు వాడునది కూడ ఇదియే. కనుక లవంగనూనె ఉపశమనమునకు మంచి మందు, రాత్రి గడచుటకు సాధనము. అంతకు మించి దానిని అడుగరాదు.

త్రిఫల విషయములో 2010లో మన దేశపు పరిశోధకులు ప్రకటించిన ఒక పరీక్ష గమనింపదగినది. తీసివేసిన పండ్ల మీద పైన చెప్పిన ఎంటెరోకాకస్ పొరను పెంచి, త్రిఫలను, పచ్చి తేయాకు సారమును, హైపోక్లోరైట్‌ను ప్రయోగించి చూచినారు. అన్నిటికంటె బలముగా పనిచేసినది హైపోక్లోరైటే. త్రిఫల కూడ చెప్పుకోదగినంత పని చేసినది. ఈ వార్తను చదివి “త్రిఫల పుక్కిలించిన చాలును” అనుకొనుట పొరపాటు. అక్కడ మందును సూక్ష్మజీవుల పొరకు నేరుగా తగిలించినారు. పుక్కిలించిన కషాయము మూసియున్న వేరు కాలువలోనికి దిగదు.

నూనె పుక్కిలింత సంగతియు అంతే. 1990వ దశకములో తుమ్మల కోటేశ్వరరావు గారి ప్రచారము వలన తెలుగునాట ఇంటింటను నువ్వులనూనె పుక్కిలించినవారే. తైలగండూషము చరకుడు దినచర్యలో చెప్పినదే. పండ్లకు, చిగుళ్లకు బలము నిచ్చునది, నోటిని శుభ్రపరచునది. ఆరోగ్యవంతుని దినచర్యను చీముపట్టిన వేరుకు చికిత్సగా వాడుట శాస్త్రసమ్మతము కాదు.

వాకుడు కాయల పొగ పట్టించి పంటి పురుగులను రాల్చుదుమని చెప్పువారు ఇప్పటికిని తిరునాళ్లలో కనిపించుదురు. రాలినవని చూపు ఆ తెల్లని వస్తువులు పంటిలోనివి కావు. పంటిని తొలుచు సూక్ష్మజీవులు కంటికి కనిపించునవి కావు. జిల్లేడు పాలను పుచ్చిన పంటిలో వేయుట వాగ్భటుడు చెప్పినదే గదా యని కొందరందురు. నిజమే. నేర్చిన వైద్యుడు తొఱ్ఱలో మాత్రము నింపుటకు చెప్పినది అది. ఇంటిలో దూదితో పూసినచో చిగురు, బుగ్గ కాలి పుండ్లు పడును. కంటిలో పడినచో కన్నుకే ముప్పు. ఆస్పిరిన్ మాత్రను చిగురు మీద పెట్టుటయు ఇట్లే హానికరము. పొగాకు నలిపి అదుముకొనుట మన ప్రాంతమున మరీ ఎక్కువ. అది కొంచెము మత్తు నిచ్చి, చిగుళ్లను నాశనము చేసి, పుట్టకురుపునకు దారి తీయును.

ఉపేక్షించిన కలుగు ముప్పు

క్రింది దవడ పండ్ల వేరులోని చీము గొంతు క్రిందికి వ్యాపించి, నాలుక పైకెత్తుకొని, ఊపిరి మార్గము మూసికొనిపోవుటను జర్మనీ వైద్యుడు లుడ్విగ్ 1836లో వర్ణించెను. నేటికిని ఇది ప్రాణాంతకమే. గడ్డము క్రింద గట్టిగా వాచుట, నోరు తెరవలేకపోవుట, మ్రింగలేకపోవుట, మాట మారుట, చలితో జ్వరము – వీటిలో ఏ ఒక్కటి కనిపించినను లేపనములు వేయుచు కూర్చొనక, 108 వాహనమును పిలిచి పెద్ద ఆసుపత్రికి చేరవలెను. మధుమేహము గలవారిలో చీము త్వరగా వ్యాపించును. చీము ఉన్నంతకాలము చక్కెర అదుపులోనికి రాదు. గుండె కవాటముల జబ్బు గలవారికి నోటిలోని సూక్ష్మజీవులు రక్తములో చేరి కవాటములను పట్టుకొను ప్రమాదము కలదు. గర్భిణులు కాన్పు అయ్యేవరకు ఓర్చుకొనుట మంచిదని భావింతురు. అదియు సరికాదు, తగిన జాగ్రత్తతో గర్భకాలములో కూడ పంటికి చికిత్స చేయుదురు.

మన పడమటి మెట్ట గ్రామములకు అదనముగా ఒక చిక్కు కలదు. కనిగిరి, పొదిలి, దర్శి ప్రాంతములు పూర్వము నెల్లూరు జిల్లాలో ఉన్నప్పుడే, 1937లో, అచ్చటి నీటిలోని ఫ్లోరైడ్ వలన కలుగు వ్యాధిని వైద్యులు ప్రకటించినారు. ఫ్లోరైడ్ మితముగా నున్న పంటికి మేలు. మితి మీరినచో పింగాణీ గుంటలు పడి పెళ్లలుగా ఊడును. అట్టి పండ్లు గలవారు సంవత్సరమునకు ఒకసారియైనను దంతవైద్యునికి చూపించుకొనవలెను.

ఎవరు చేయవలెనన్న వివాదము

2020 నవంబరులో భారతీయ వైద్య కేంద్ర మండలి, శల్య, శాలాక్య తంత్రములలో స్నాతకోత్తర విద్య నభ్యసించిన ఆయుర్వేద వైద్యులు చేయదగిన శస్త్రచికిత్సలను 58గా పేర్కొని ప్రకటన వెలువరించినది. వాటిలో పన్ను తీయుట, వేరు కాలువ శుద్ధి కూడ ఉన్నవి. ఆధునిక వైద్యుల సంఘము దీనిని వ్యతిరేకించి డిసెంబరు 11న దేశవ్యాప్తముగా సేవలను నిలిపినది. ఒకవైపు “ఇది సుశ్రుతుని విద్య, మాదే” అనిరి. మరియొకవైపు “ఇది మా విద్య, మీరు ముట్టరాదు” అనిరి.

నా అభిప్రాయము ఇరువురికిని నచ్చకపోవచ్చును. సుశ్రుతుడు చెప్పినాడు గనుక మనకు హక్కు వచ్చినదనుట సరికాదు. సుశ్రుతుడే శస్త్రము పట్టుటకు ముందు గుమ్మడి, దోస వంటి కాయల మీద, తోలుతిత్తుల మీద అభ్యాసము చేయవలెనని, అభ్యాసము లేనివాడు అనర్హుడని శాసించెను. ఎక్స్‌రే చదువగలిగి, మత్తు సూది నెరిగి, వందల పండ్ల మీద చేయి తిరిగి, అనుకోని రక్తస్రావమును ఆపగలిగినవాడు ఏ పట్టము గలవాడైనను అర్హుడే. అవి లేనివాడు ఏ పట్టము గలవాడైనను అనర్హుడే. నా వంటి గురుకుల వైద్యులకు ఆ శిక్షణ లేదు. కనుక మా ధర్మము స్పష్టము. వ్యాధిని గుర్తించి, నొప్పిని ఆ పూటకు తగ్గించి, ఆలస్యము చేయక తగినవారి కడకు పంపవలెను. రోగిని పంపినంత మాత్రమున వైద్యుని గౌరవము తగ్గదు. పంపక పట్టుకొని కూర్చొన్నప్పుడు తగ్గును.

ఖర్చు సంగతి కూడ దాచరాదు. వేరు శుద్ధికి, తొడుగుకు అగు వ్యయము మధ్యతరగతి కుటుంబమునకు భారమే. అందుచేతనే వాయిదా వేయుదురు. విజయవాడ, కడపలలో ప్రభుత్వ దంతవైద్య కళాశాలలు కలవు. అచ్చట వ్యయము స్వల్పము. అదియు కుదరనిచో చీముపట్టిన పన్నును తీయించుకొనుట సిగ్గుపడవలసిన పని కాదు. అది సుశ్రుతుడు విధించిన చికిత్సయే. చీముతో నిండిన పన్నును నోటిలో ఉంచుకొనుటకంటె ఖాళీ స్థలము ఎన్నో రెట్లు మేలు.

ఇంటిలో చేయదగినవి

1. గ్లాసు గోరువెచ్చని నీటిలో అర చెంచా ఉప్పు కలిపి, రోజుకు నాలుగైదు మారులు పుక్కిలింపవలెను.

2. చెంచా త్రిఫలా చూర్ణమును రెండు గ్లాసుల నీటిలో సగము మిగులునట్లు కాచి, వడగట్టి, చల్లార్చి, ఉదయ సాయంకాలములు నోటిలో పట్టి ఉమ్మవలెను.

3. దూదికి ఒక్క చుక్క లవంగనూనె అద్ది పంటి తొఱ్ఱలో మాత్రము ఉంచవలెను. చిగురుకు తగులనీయరాదు. పసిపిల్లలకు వాడరాదు, సీసా వారికి అందనీయరాదు.

4. దవడ వాచినప్పుడు బయటనుండి వేడి కాపడము పెట్టరాదు. పొక్కును సూదితో గ్రుచ్చరాదు.

5. వేప, కానుగ, ఉత్తరేణి పుల్లలతో దంతధావనము, భోజనానంతరము నోరు కడుగుట, రాత్రి పడుకొనుటకు ముందు పండ్లు తోముకొనుట, పొగాకును విడుచుట – ఇవి పుచ్చు రాకుండ కాపాడునవి. పిల్లలను పాలసీసా నోటిలో ఉంచి నిద్రపుచ్చరాదు.

మొదటి నాలుగును వైద్యుని కడకు చేరులోపల రెండు మూడు రోజులకు ఉద్దేశించినవి. నెలల తరబడి వాడుటకు కావు.

గృహవైద్య శీర్షికలను నడుపు సంపాదకులకును, వ్రాయు వైద్యులకును ఒక విన్నపము. యోగము వ్రాసినప్పుడు అది ఎన్నాళ్లు వాడవలెనో, ఏ లక్షణము కనిపించినప్పుడు ఆపి వైద్యుని చూడవలెనో కూడ ఒక్క వాక్యము చేర్చుడు. మన మాటను నమ్మి ఇంటిలో ప్రయత్నించువారు వేలమంది యుందురు. గృహిణులకు చెప్పవలసినది ఇంకను చిన్నది. ఒకే పంటి వద్ద రెండవసారి పొక్కు లేచినను, పోటు దానంతటదే మాయమైనను, పన్ను నల్లబడినను, ఆ వారములోనే ఎక్స్‌రే తీయించుడు. కోతలున్నను, వేలమున్నను, పెండ్లి యున్నను ఆ పని వాయిదా వేయవద్దు.